మేత మడిలో మందు కొట్టకుండా పేనుబంకను ఆపగలమా? తోడు మొక్కలపై మన వరంగల్ వైపు రైతుల చర్చ

గీసుకొండ పాడి

వేదికలోని పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. నాకు ఆరు ముర్రా బర్రెలున్నాయి. బావి కింద ఉన్న ఎకరంన్నర భూమిని పూర్తిగా పచ్చిమేతకే కేటాయించాను. ఇరవై గుంటల్లో సూపర్ నేపియర్, ముప్పై గుంటల్లో మేత జొన్న, మిగిలిన పది గుంటల్లో లూసర్న్ ఉన్నాయి.

పోయిన యాసంగిలో జొన్న నడుమెత్తుకు వచ్చేసరికి ఆకుల అడుగున పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు పట్టింది. ఆకును పట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుకునేది. వారం తిరిగేసరికి ఆ జిగురు మీద మసి లాంటి నలుపు కమ్మింది, బర్రెలు మూతి పెట్టి వెనక్కి తీసుకున్నాయి. దగ్గరలోని ఒక మందుల దుకాణంలో ఇచ్చిన మందు తెచ్చి కొట్టాను. కొట్టిన తర్వాత ఎన్ని రోజులకు మేత కోయవచ్చో అక్కడ ఎవరూ చెప్పలేదు, సీసా మీద పత్తి, మిరప పంటల సంగతే రాసి ఉంది. నేను పాలు పోసే ఇళ్లలో రెండింట్లో పసిపిల్లలున్నారు. ఆ పిల్లలు కళ్ల ముందు మెదిలి, మూడు వారాల పాటు ఆ మేతను ముట్టలేదు. అన్ని రోజులూ వరిగడ్డి, కొనుక్కొచ్చిన దాణా మీదే బర్రెలను సాకాను, పాలు సగానికి పడిపోయాయి.

మడిలోనూ గట్ల మీదా కొన్ని తోడు మొక్కలు వేస్తే పురుగును తినే పురుగులు వాటంతట అవే వస్తాయని విన్నాను. మేత పంటలో ఇది ఎంతవరకు పనిచేస్తుంది? ఏ మొక్కలు వేయాలి? చేసి చూసినవారు చెప్పాలని కోరుతున్నాను.

చల్కనేల, పరకాల

తమ్ముడూ, మాది పత్తి చేను. 1997-98లో మన జిల్లాలో పత్తిని లద్దె పురుగు ఊడ్చిపెట్టిన సంవత్సరం నాకు బాగా గుర్తుంది. ఎన్ని మందులు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం మిగిలింది, ఎన్నో ఇళ్లలో మనుషులనే పోగొట్టుకున్నాం. ఆ తర్వాతే మా ఊరివాళ్లం చేను చుట్టూ నాలుగు సాళ్ల జొన్న, అక్కడక్కడా ఆముదం, బంతి వేయడం మొదలుపెట్టాం. లద్దె పురుగు తల్లి వచ్చి ఆముదం ఆకు మీద గుడ్లు పెడుతుంది, ఆ ఆకును తుంచి పారేస్తే సగం పని అయినట్టే. మీరు కూడా జొన్న చుట్టూ ఆముదం, బంతి వేయండి.

పశువైద్యం, హనుమకొండ

పరకాల అన్నగారి అనుభవం పత్తికి అక్షరాలా సరిపోతుంది. అయితే మేత మడి దగ్గరకు వచ్చేసరికి ఆముదం పేరు వినగానే నేను కల్పించుకోక తప్పడం లేదు. ఆముదం గింజలో రైసిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది, ఆకు కూడా పశువుకు మంచిది కాదు. పత్తి చేనులో ఉన్న ఆముదాన్ని పశువు తినే అవకాశం తక్కువ. మేత మడిలో మాత్రం తెల్లవారుజామున టార్చి వెలుతురులో కొడవలి పట్టినవాడు జొన్నను, పక్కనున్న ఆముదం కొమ్మను ఒకే పిడికిట్లో పట్టి కోస్తాడు. ముక్కలు చేసే యంత్రంలో పడిన తర్వాత దేన్ని వదలాలో బర్రె ఏరుకోలేదు. కాబట్టి కోతలో కలిసినా పశువుకు హాని చేయని మొక్కనే మేత మడిలో వేసుకోవాలి. గట్టు మీద గన్నేరు, జిల్లేడు, వయ్యారిభామ ఉంటే తీసివేయండి. వయ్యారిభామ పూల మీద కూడా పురుగులు వాలుతాయని కొందరు దాన్ని ఉంచుకుంటున్నారు. అది మేతలో కలిస్తే పాలు చేదెక్కుతాయి.

జొన్న వేసేవారికి మరొక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మొవ్వు చంపు ఈగ పిల్లపురుగు లేత మొక్క నడి మొవ్వును కొరికేస్తే, మొవ్వు ఎండిపోయి మొక్క మొదట్లోంచి పిలకలు పెడుతుంది. ఆ లేత పిలకల్లోనే నాము విషం, అంటే కడుపులోకి వెళ్లాక సైనైడ్‌గా మారే పదార్థం, ఎక్కువగా ఉంటుంది. నీళ్లు లేక వాడిన జొన్నలోనూ అంతే. పురుగు తిన్న చేనును దండగ కాకూడదని పశువులను తోలి మేపడం వల్ల నిమిషాల్లో పశువులు పడిపోయిన సందర్భాలను నా ఉద్యోగంలో కళ్లారా చూశాను. చేను సగం పూతకు వచ్చేవరకు ఆగి కోయండి. తిన్న పశువు ఆయాసపడుతూ తూలితే ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి పిలవండి.

మేతమడి అక్క, జనగామ

గీసుకొండ తమ్ముడికి, మిగతా అందరికీ నమస్కారం. నేను తొమ్మిదేళ్లుగా మేత పండించి అమ్ముతున్నాను. మాకు దగ్గరలోని ఎనబావి 2006 నాటికే రసాయనాలు పూర్తిగా మానేసిన ఊరిగా పేరు తెచ్చుకుంది, నాకు ధైర్యం ఇచ్చింది కూడా ఆ ఊరే. అయితే అక్కడ వరిలో, కూరగాయల్లో చూసిన పద్ధతిని తెచ్చి నా లూసర్న్‌లో పెడితే మొదటి రెండేళ్లు పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో తెలియడానికి మడిలో గంటల తరబడి కూర్చోవలసి వచ్చింది.

పత్తి నెలల తరబడి నిలబడి ఉంటుంది. మేతను మాత్రం మనం పదే పదే మొదలంటా కోస్తాం, లూసర్న్‌నైతే నెలకొకసారి, నేపియర్‌నైతే నలభై నలభై అయిదు రోజులకొకసారి. కోసిన రోజున పేనుబంక మోపుల్లో పోతుంది, నిజమే. కానీ దాన్ని తినే అక్షింతల పురుగుల గుడ్లు, పిల్లలు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు కూడా ఆ మోపుల్లోనే పోతాయి, మిగిలినవాటికి నిలువ నీడ ఉండదు. మళ్లీ చిగురు రాగానే రెక్కలున్న పేను గాలికి కొట్టుకొచ్చి వాలుతుంది. దానికి మగదానితో పని లేదు, గుడ్డుతో పని లేదు, నేరుగా పిల్లలను కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తామే కనడం మొదలుపెడతాయి. అక్షింతల పురుగు గుడ్డు నుంచి పెద్దదయ్యేసరికి రెండు మూడు వారాలు పడుతుంది. అంటే కోత కోసిన ప్రతిసారీ శత్రువుకు రెండు వారాల ముందు పరుగు మనమే ఇస్తున్నాం.

అందువల్ల మేత మడిలో తోడు మొక్క చేయవలసిన అసలు పని ఆ కోత రోజున కొడవలి పడకుండా నిలబడి ఉండటం. పూసే మొక్కలను మేతలో కలిపి చల్లి, మేతతో పాటు కోసేస్తే ఏమీ ఒరగదు. రెండేళ్లు నేను చేసిన తప్పు అదే. ఇప్పుడు మడికి అడ్డంగా ప్రతి పదిహేను అడుగులకు రెండడుగుల వెడల్పున ఒక పట్టీ వదిలి, అందులో ధనియాలు, బంతి వేస్తున్నాను. మేత కోసినా ఆ పట్టీ జోలికి పోను. పట్టీల నడుమ ఉన్న మేతను కూడా ఒకేసారి కోయకుండా, ఒక మేత పట్టె విడిచి ఒక పట్టె కోస్తాను. కోసిన చోటి నుంచి అక్షింతల పురుగులు పక్క పట్టెలోకి నడిచి వెళ్లడం మీరు కూర్చుని చూడవచ్చు.

ధనియాలే ఎందుకంటే, దాని పూవు చాలా చిన్నది, తేనె పైపైనే ఉంటుంది. పేనుబంకను తినే పిల్లపురుగులకు తల్లి అయిన సిర్ఫిడ్ ఈగకు, పురుగుల్లో గుడ్లు పెట్టే సన్నని కందిరీగలకు నోరు పొట్టి. లోతైన పూవులో తేనె ఉన్నా వాటికి అందదు. ఈ తల్లి పురుగులు తేనె, పుప్పొడి మీదే బతుకుతాయి, వాటి పిల్లలే పురుగును తింటాయి. పూలు లేని మడిలోకి తల్లి వచ్చినా నిలవదు.

జగిత్యాల యాసంగి

అక్కా, మీరు చెప్పిన పట్టెల కోత లూసర్న్‌లో నిజంగా పనిచేస్తుంది, నేను ఒప్పుకుంటాను. అయితే తోడు మొక్కలన్నీ మంచివేనన్న భావం ఎవరికీ కలగకూడదు. రెండేళ్ల క్రితం ఎవరో చెబితే లూసర్న్ పక్కన బబ్బెర్లు వేశాను. బబ్బెర మీద నల్ల పేనుబంక విరగబడి, అక్కడి నుంచి లూసర్న్ మీదికి దాటింది. ఒక కోత మొత్తం పోయింది. అప్పటి నుంచి తోడు మొక్క అంటే నాకు భయమే.

మేతమడి అక్క, జనగామ

తమ్ముడూ, మీకు జరిగిన నష్టం ఈ చర్చలోని అందరికీ అవసరమైన పాఠం. బబ్బెర మీద పట్టే నల్ల పేనుబంక చాలా పప్పుజాతి మొక్కల మీద బతుకుతుంది, లూసర్న్ కూడా పప్పుజాతే కాబట్టి దాటింది. కానీ అదే పేనుబంక జొన్న మీదికి రాదు. అలాగే జొన్న మీది పేనుబంక బబ్బెర మీద బతకదు. అందుకని బబ్బెరను లూసర్న్ పక్కన కాకుండా జొన్నలో వేయాలి. రెండు సాళ్ల జొన్నకు ఒక సాలు బబ్బెర వేస్తే, బబ్బెర మీది నల్ల పేనును తింటూ అక్షింతల పురుగులు ముందే పెరిగి ఉంటాయి, జొన్న మీద పేను దిగేసరికి పక్క సాల్లోనే సిద్ధంగా ఉంటాయి. పైగా బబ్బెర ఆకు కణుపుల దగ్గర, పూత కాడల మీద చిన్న తేనె గ్రంథులుంటాయి. పూవు విచ్చకముందే చీమలు, కందిరీగలు వాటి దగ్గర తచ్చాడుతుంటాయి. జొన్నలో మాంసకృత్తులు తక్కువ, ఆ లోటును బబ్బెర కొంత తీరుస్తుంది, కోతలో రెండూ కలిసినా పశువుకు మేలే తప్ప కీడు లేదు.

లూసర్న్‌కు తోడుగా యాసంగిలో ఆవాలు వేసి చూడండి. ఆవాల పేనుబంక ఆవ, క్యాబేజీ కుటుంబం దాటి రాదు, లూసర్న్‌ను ముట్టదు. మడి అంచున రెండు సాళ్లు చాలు, దానికి మించి మేతలో కలపవద్దు.

కీటక విద్యార్థి, వరంగల్

నేను వ్యవసాయ డిగ్రీ చదువుతున్నాను. గీసుకొండ అన్నగారి మడిలో నేపియర్, జొన్న రెండూ ఉన్నాయని చదవగానే నాకు కెన్యా పద్ధతి గుర్తుకు వచ్చింది. నైరోబీలోని ఇసిపె అనే అంతర్జాతీయ కీటక పరిశోధన సంస్థ, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంతో కలిసి 1990ల్లో దీన్ని రూపొందించింది. మొక్కజొన్న, జొన్న సాళ్ల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మేతను వేస్తారు, చేను చుట్టూ మూడు సాళ్ల నేపియర్ నాటుతారు. లోపలి మొక్క కాండం తొలిచే పురుగు తల్లిని దూరంగా తోస్తుంది, బయటి గడ్డి తనవైపు లాగుతుంది. రాత్రి మొదటి గంటల్లో నేపియర్ విడిచే వాసనలకు తల్లి పురుగు ఆకర్షితమై జొన్నను వదిలి నేపియర్ మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు కాండంలోకి తొలవబోతే కొన్ని నేపియర్ రకాలు జిగురు కార్చి దాన్ని అక్కడే బంధిస్తాయి, పిల్లల్లో అత్యధిక భాగం పెద్దవి కాకముందే చనిపోతాయి. మన జొన్నను తొలిచే మచ్చల కాండం తొలుచు పురుగు ఆసియా నుంచి ఆఫ్రికాకు వెళ్లినదే కాబట్టి, ఇది పరాయి పురుగు కథ అనుకోనవసరం లేదు.

మొక్కజొన్న, జొన్నలను తినే కత్తెర పురుగు మన దేశంలో మొదట 2018లో కర్ణాటకలో కనబడింది, అదే ఏడాది తెలంగాణకూ వచ్చింది. తూర్పు ఆఫ్రికాలో వర్షాభావాన్ని తట్టుకునే బ్రాకియేరియా గడ్డిని అంచున, పచ్చ ఆకు డెస్మోడియంను సాళ్ల మధ్య వేసిన మొక్కజొన్న చేలల్లో కత్తెర పురుగు సంఖ్య 80 శాతానికి పైగా తగ్గిందని 2018లో ప్రచురితమైన పరిశోధన చెబుతోంది. డెస్మోడియం విత్తనం మన దగ్గర అంత సులువుగా దొరకదు. బబ్బెర దాని స్థానంలో అదే పని చేస్తుందని నేను అనడం లేదు. అయితే నేపియర్ మీ దగ్గర ఉండనే ఉంది. దాన్ని విడిగా ఒక మడిలో ఉంచడం కన్నా, కొంత భాగాన్ని జొన్న చుట్టూ మూడు సాళ్లుగా, జొన్నకు నీడ పడకుండా మూడడుగుల ఎడం ఇచ్చి నాటితే సగం పద్ధతి అమలైనట్టే. మూడు సాళ్లనూ ఒకేసారి కోయకూడదు. జనగామ అక్కగారు చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

ములుగు బాట

ఇంతమంది వేసే మొక్కల గురించే మాట్లాడుతున్నారు, ఉన్న మొక్కల గురించి నేను ఒక మాట చెబుతాను. మా అమ్మ కాలంలో బతుకమ్మకు గునుగు కావాలంటే మా చెలక గట్టు దాటవలసిన పని లేదు. తంగేడు, గునుగు, కట్ల అన్నీ అక్కడే ఉండేవి. ఇప్పుడు గట్లన్నిటి మీదా గడ్డి మందు కొడుతున్నారు, పండుగ నాడు గునుగును కట్టలుగా కొనుక్కుంటున్నాం. వానాకాలం చివర పంటలు ముదిరే సమయంలో ఆ గునుగు కంకుల మీద ఎన్ని రకాల చిన్న ఈగలు, కందిరీగలు వాలుతాయో ఒక్క పొద్దు నిలబడి చూడండి. తంగేడును పశువులు ముట్టవు కాబట్టి అది గట్టు మీద ఏడాదంతా నిలుస్తుంది, సాలీళ్లకు గూడు అవుతుంది. మడి చుట్టూ ఒక్క గట్టునైనా గడ్డి మందు లేకుండా వదలండి. దానికి విత్తనం ఖర్చు కూడా లేదు.

గీసుకొండ పాడి

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఒక సందేహం ఉంది. ఈ ఉదయం జొన్న ఆకు మీద పేనుబంక మధ్యలో ఒక పురుగును చూశాను. అర అంగుళం కూడా లేదు, నల్లగా, ఒంటి నిండా ముళ్ల లాంటి బొడిపెలు, వెనుక భాగం సన్నగా, చిన్న మొసలి పిల్లలాగా ఉంది. ఇలాంటివాటిని పోయిన యాసంగిలో చేతితో నలిపి చంపాను. అవి శత్రువులా, మిత్రులా?

కీటక విద్యార్థి, వరంగల్

అన్నగారూ, అవే అక్షింతల పురుగు పిల్లలు. రెక్కల మీద వంకర గీతలున్న పసుపు రంగు పెద్ద పురుగును అందరూ గుర్తుపడతారు, దాని పిల్లను మాత్రం పురుగనుకుని చంపుతారు. ఆకు అడుగున పసుపు రంగు గుడ్లు గుంపుగా, నిలువుగా పేర్చినట్టు ఉంటే అవి కూడా దానివే. కత్తెర పురుగు గుడ్ల గుంపు మీద బూజు లాంటి నూగు కప్పి ఉంటుంది, దాన్ని నలిపేయవచ్చు. పేనుబంకలో కొన్ని ఉబ్బి, గోధుమ రంగుకు తిరిగి, కదలకుండా ఆకుకు అతుక్కుని ఉంటే వాటిని కడగవద్దు, కోయవద్దు. వాటి లోపల సన్నని కందిరీగ పిల్ల పెరుగుతోంది. వీపు మీద గుండ్రని చిన్న రంధ్రం కనిపిస్తే కందిరీగ బయటికి వెళ్లిపోయిందని అర్థం.

మేతమడి అక్క, జనగామ

తమ్ముడూ, మీ ఎకరంన్నర నాదైతే నేను ఇలా చేస్తాను. మిరుగు కార్తెలో తొలి వానలకే జొన్న, బబ్బెర కలిపి వేయండి. ఆలస్యమైన కొద్దీ మొవ్వు చంపు ఈగ ఎక్కువవుతుంది, తోడు మొక్క ఏదీ ఆ ఈగను ఆపలేదు, ముందుగా విత్తడమే దానికి అడ్డు. విత్తనం కొంచెం ఎక్కువ వేసి, మొవ్వు ఎండిన మొక్కలను నెలలోపే పీకి పారేయండి, డాక్టరుగారు చెప్పిన పిలకల బెడద కూడా తప్పుతుంది. వానాకాలంలో ధనియాలు నిలవవు, పట్టీల్లో బంతి, నువ్వులు వేయండి. దసరా తర్వాత లూసర్న్ విత్తేటప్పుడు పట్టీల్లో ధనియాలను ఒకేసారి కాకుండా ఇరవై రోజులకొకసారి కొంత కొంత చల్లండి. ధనియాల పూత మూడు వారాలకు మించి ఉండదు కాబట్టి, ఒక పట్టీ ముదిరేసరికి ఇంకొకటి పూతకు రావాలి. పది గుంటల్లో పట్టీలకు పోయేది గుంట కన్నా కొంచెం ఎక్కువ, లేత కొత్తిమీరను అమ్ముకుంటే విత్తనం ఖర్చు వస్తుంది. పేనుబంక కనిపించగానే కంగారుపడి వేప నూనె కూడా కొట్టవద్దు. నాలుగు రోజులు ఆగి, ఆకు తిప్పి, తినేవి ఎన్ని ఉన్నాయో చూడండి. అప్పటికీ పెరుగుతూనే ఉంటే ఆ పట్టె వరకు ముందుగా కోసి బర్రెలకు వేయండి, జొన్నైతే మాత్రం పూత సంగతి మరవవద్దు.

గీసుకొండ పాడి

యాసంగి మూడో కోత అయిపోయింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. జొన్న చుట్టూ నేపియర్ మూడు వైపులే నాటగలిగాను, నాలుగో వైపు కాలువ బాట ఉంది. బబ్బెర సాళ్ల మీద నల్ల పేను పట్టినప్పుడు మా నాన్న చాలా కోప్పడ్డారు, మందు తెస్తానని బయలుదేరారు కూడా. ఆయనను చేయి పట్టి తీసుకువెళ్లి, ఒక్క బబ్బెర కొన మీద పదకొండు మొసలి పిల్లలను లెక్కపెట్టి చూపించాను. ఆగిపోయారు. జొన్న మీదికి పేను వచ్చింది, కానీ జిగురు కారే దాకా, మసి పట్టే దాకా పెరగలేదు, బర్రెలు ఆకులతో సహా తిన్నాయి. ఈ ఏడాది మేత మడిలో ఒక్కసారి కూడా మందు కొట్టలేదు.

లూసర్న్‌లో రెండో కోతను కూలీల తొందర వల్ల పట్టెలు విడవకుండా మొత్తం కోయించాను. ఆ తర్వాతి చిగురు మీదే పేనుబంక అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది. మూడో కోతకు మళ్లీ పట్టెలు విడిచాను. కోసిన సాయంత్రం మోపులు మోసుకెళ్తుంటే, ధనియాల పూల మీద సన్నని నడుము కందిరీగలు గుంపులుగా ఉన్నాయి, పక్కనే కోసిన పట్టె బోసిగా ఉంది.

ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి. ధనియాలు మోకాలెత్తు రాకుండానే పూసి ఎండిపోతున్నాయి, బంతికి ఎర్రనల్లి పట్టింది. రోహిణి దాకా పట్టీలో పూలు నిలవాలంటే ఏం వేయాలో ములుగు అక్కయ్య, జనగామ అక్కయ్య చెప్పాలి. బావిలో నీళ్లు రోజుకు గంటన్నర మాత్రమే అందుతున్నాయి.

ములుగు బాట

పట్టీలో కొత్తగా ఏమీ వేయకు తమ్ముడూ, ఉన్న నీళ్లు మేతకే పెట్టు. కాలువ బాట వైపు గట్టు మీద అవిశ చెట్టు గింజలు తొలివానకు వేసి పెట్టు, వచ్చే ఎండాకాలానికి నీడకూ మేతకూ అందుతాయి. ఈ రెండు నెలలకు మాత్రం ఆ గట్టు మీద తంగేడు ఎక్కడ ఉందో చూసుకుని, దాన్ని ఎవరూ పొయ్యిలోకి నరకకుండా కాపాడు.